నీదే అనుకోమన్న చావిడి

మద్దికోన అడవిలో గవరయ్య అనే నక్క, సూరమ్మ అనే ముళ్లపంది, పెద్దయ్య అనే ఎలుగుబంటి, కూర్మయ్య అనే తాబేలు ఉండేవారు. కోతులు కూడా ఉండేవి గానీ ఈ కథలో వాటికి పని లేదు. పని లేకపోయినా దూరడం వాటికి అలవాటు కాబట్టి ముందే చెప్పడం మంచిది.

గవరయ్యకూ సూరమ్మకూ చెరో తోపుడుబండి ఉండేది. కుంకుడుకాయలూ చింతపండూ వేసుకుని ఏటి అవతలి సంతకు తోసుకెళ్లడమే వాళ్ల బతుకుతెరువు.

ఆ వేసవిలో సూరమ్మ కొత్త బండి చేయించుకుంది. టేకు చక్రాలు, ఎర్ర రంగు. అది చప్పుడు లేకుండా దూసుకుపోతుంటే గవరయ్య కడుపు రగిలిపోయేది. తన బండీ మంచిదే. నిన్నటిదాకా అదంటే అతడికి ముద్దే. ఇప్పుడు మాత్రం దాని కిర్రు చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించడం లేదు.

వానాకాలంలో ఏరు పొంగి సంత ఆగిపోతుంది. నాలుగు నెలలు బండ్లను తడవని చోట పెట్టుకోవాలి. అలాంటి చోటు పెద్దయ్య గుహ ముందున్న చావిడి ఒక్కటే. పైన పెద్ద బండరాయి, దాని కింద ఊతంగా నిలబెట్టిన మద్దిదుంగ.

పెద్దయ్యకు మర్యాద ఎక్కువ. "దానికేం, పెట్టుకోండి. ఈ చావిడి మీదే అనుకోండి," అన్నాడు ఇద్దరితోనూ.

సూరమ్మ చుట్టూ చూసింది. "పెద్దయ్యా, మీరు వీపు ఎక్కడ గోక్కుంటారు?"

"ఈ దుంగకే అమ్మా. ఇంత గరుకైన దుంగ అడవి మొత్తంలో లేదు," అన్నాడు పెద్దయ్య సంబరంగా. వీపు మాట ఎత్తితే ఎలుగుబంట్లకు ఎక్కడలేని హుషారూ వస్తుంది.

"అది జారి మా బండ్లు విరిగితే?"

"నా బీమా నా గుహకూ నా తేనెకూ మాత్రమే. మీ బండ్ల సంగతి మీరే చూసుకోవాలి."

"అయితే బండి మీ చోట పెడుతున్నానని ఈ మోదుగాకు మీద అడుగు ముద్ర వేసి ఇవ్వండి. సంఘంలో చూపిస్తాను."

అడవిలో బీమా సంఘం ఒకటి ఉంది. ఏటా బుట్టెడు ఇప్పపూలు ఇస్తే, బండికి ఏదైనా జరిగినప్పుడు సంఘం కొత్త బండి చేయించి ఇస్తుంది. ఆ పని చూసేది కూర్మయ్య. పుట్టుకతోనే నెత్తిన కప్పు వేసుకుని తిరిగేవాడికి కాక ఆ పని ఇంకెవరికి అప్పగిస్తారు?

గవరయ్య నవ్వాడు. "ఏం చెల్లెమ్మా, పెద్దయ్య మాట చాలదా? ఆకులూ ముద్రలూ కావాలా?"

"మాట మీద నమ్మకం ఉంది అన్నయ్యా. దుంగ మీదే లేదు."

పెద్దయ్య పొట్ట పట్టుకుని నవ్వి ముద్ర వేశాడు. ఆ నవ్వుతో గవరయ్యకు ఇంకా మండింది. సూరమ్మ అటు వెళ్లగానే ఆమె బండిని అంచుకు జరిపి, లోపల దుంగ పక్కన తన బండి పెట్టుకున్నాడు. అక్కడ ఒక్క చినుకు కూడా పడదు.

మర్నాడు ఇద్దరూ బండ్లకు బీమా రాయించుకోవడానికి ఇప్పపూల బుట్టలతో కూర్మయ్య దగ్గరికి వెళ్లారు.

"బండి నిలిపే చోటు ఎవరిది?" అని అడిగాడు కూర్మయ్య.

"పెద్దయ్యది," అని సూరమ్మ ఆకు చూపించింది.

తరువాత గవరయ్య వంతు. సూరమ్మ వెనక నిలబడి సూరమ్మ జవాబే చెప్పాలా? అతడికి మనసొప్పలేదు. ఛాతీ విరుచుకుని, అందరికీ వినబడేలా, "నా సొంత చావిడి!" అన్నాడు.

"నిజమేనా?"

"నిజమే. అలాగే రాసుకో."

ఆ రోజు గవరయ్య తృప్తిగా తిన్నాడు. సూరమ్మకు ఎర్ర బండి ఉంటే ఉండనీ, తనకు ఏకంగా చావిడే ఉంది!

శ్రావణమాసంలో నాలుగు రోజులు ముసురు పట్టింది. తడిసిన బొచ్చుతో పెద్దయ్యకు దురద ఎక్కువైంది. ఒక మధ్యాహ్నం దుంగకు వీపు ఆనించి కళ్లు మూసుకుని కసిగా రుద్దుకున్నాడు. దుంగ జారింది. పెద్దయ్య ఒక్క గెంతులో బయటపడ్డాడు గానీ, బండరాయి రెండు బండ్ల మీదా కూలింది.

గవరయ్య పరుగున వచ్చాడు. అతడి కళ్లు ముందు ఎర్ర చెక్కముక్కల మీద పడ్డాయి. "అమ్మయ్య, దాని బండి పోయింది!" అనుకున్నాడు. ఆ తరువాతే నలిగిపోయిన తన చక్రం కనిపించింది.

కూర్మయ్య కబురు అందగానే బయలుదేరి మూడో రోజుకు చేరాడు. సూరమ్మ ఆకు చూసి, "అంతా సరిగ్గా ఉంది. నీకు కొత్త బండి వస్తుంది," అన్నాడు. తరువాత గవరయ్య వైపు తిరిగాడు.

"నీ చావిడికి ఊతం సరిగ్గా ఎందుకు పెట్టుకోలేదు?"

"చావిడి నాది కాదు కదా, పెద్దయ్యది!"

"సొంతమని రాయించావే?"

"నాదే అనుకోమన్నాడు, అందుకని..."

"అనుకోమన్నాడు. రాయించుకోమనలేదు," అన్నాడు కూర్మయ్య. "బండి ఎవరి చోట ఉందో తప్పు చెప్పినవాడికి సంఘం బండి ఇవ్వదు."

గవరయ్య పెద్దయ్య మీద విరుచుకుపడ్డాడు. "నీ కప్పే కదా పడింది! నువ్వే ఇవ్వు!"

"దుంగ సంగతీ, నా బీమా సంగతీ మొదటి రోజే నీ ఎదుటే చెప్పాను కదయ్యా," అన్నాడు పెద్దయ్య. "చోటు ఇచ్చాను. పూచీ ఇవ్వలేదు."

వానలు వెనకబట్టాయి. సూరమ్మకు కొత్త బండి వచ్చింది. ఈసారి నీలం రంగు. బండి లేని గవరయ్య పొట్ట గడవక ఆమె దగ్గరే పనికి కుదిరాడు. ముందు సూరమ్మ లాగుతుంటే వెనక అతడు తోసేవాడు. ఒకరోజు ఏటిగట్టు ఎక్కేటప్పుడు అతడికి ఆయాసం వచ్చి, "ఎంతైనా పరాయి బండి చెల్లెమ్మా, బరువుగానే ఉంటుంది," అన్నాడు.

సూరమ్మ వెనక్కి తిరిగి చిరునవ్వు నవ్వింది.

"అదేం మాట అన్నయ్యా? నీదే అనుకో."

నీతి: మర్యాదకు అన్న మాట హక్కు కాదు, మన బండి ఎవరి చోట ఉన్నదో దాచకుండా చెప్పినవారికే బీమా అండగా నిలుస్తుంది.