ఒక్క లాగుకి విడిపోయే ముడి

అనగనగా ఒక అడవిలో ఆడపిల్లలకని ఒక దండు ఉండేది. నవ్వకండర్రా, నిజంగానే ఉండేది! దాని పేరు వాగొడ్డు దండు. కుందేలు పిల్ల పింజ, ముళ్ళపంది పిల్ల మొల్ల, ముంగిస పిల్ల జాజి, కొండముచ్చు పిల్ల చెంగలి అందులో ఉండేవాళ్ళు. ఎలుగుబంటి పెద్దమ్మ వాళ్ళకి నాయకురాలు. ఆవిడ నడిస్తే నేల అదిరేది. నవ్విందంటే నోట్లోంచి తేనె వాసన గుప్పుమనేది.

పెద్దమ్మ నేర్పని పని లేదు. గుడారం వెయ్యడం, ఎండుపుల్లలతో పొయ్యి రాజెయ్యడం, అడుగుజాడ చూసి ఎవరెటు పోయారో చెప్పడం, అన్నీ నేర్పేది. ఒక పని బాగా వచ్చిందంటే చాలు, చెట్టు బెరడుని గుండ్రంగా కోసి, దాని మీద బొమ్మ గీసి ఒక బిళ్ళ ఇచ్చేది. ఆ బిళ్ళలు మెడలో వేసుకుని పిల్లలు తిరుగుతుంటే ఏం దర్జా, ఏం దర్జా! పిట్టలు కూడా కొమ్మలు దిగి మరీ చూసిపోయేవి.

చెంగలికి పొయ్యి బిళ్ళ వచ్చింది. జాడ బిళ్ళ వచ్చింది. ముడి బిళ్ళ మాత్రం రాలేదు.

మిగతా అందరికీ అది ఎప్పుడో వచ్చేసింది. పళ్ళతో ముడి వేసే పింజకి కూడా వచ్చింది. అందుకే పింజ ఊరుకునేది కాదు. "నాలుగు చేతులూ అంత పొడుగు తోకా పెట్టుకుని ఒక్క ముడి వెయ్యలేవుటే!" అని ఏడిపించేది.

ఉత్త ఏడిపింపే అయితే చెంగలి దులిపేసుకునేది. కానీ గద్దకొండ ఉందే! ఏడాదికొక్కసారి దండు గద్దకొండ ఎక్కి పైన శిబిరం వేస్తుంది. అక్కణ్ణించి చూస్తే అడవంతా కాళ్ళ కింద ఉంటుందిట. ఎక్కేటప్పుడు అందరూ ఒకే తాడుకి నడుములు కట్టుకోవాలి. ఒక్క ముడి జారిందంటే అందరి ప్రాణాలూ గాల్లోనే. అందుకని పెద్దమ్మ పెట్టిన నియమం ఒకటుంది. ముడి బిళ్ళ లేనివాళ్ళు కొండ కిందే ఉండిపోవాలి.

మొదటిసారి పరీక్షకి చెంగలి గబగబా ముడి వేసి చేతులు దులుపుకుంది. పింజ గుడారంలో కూర్చుని గడ్డలు తింటోంది. ముడి జారింది. అడ్డాకులతో కుట్టిన గుడారం దబ్బున పింజ నెత్తిన పడింది. చెవులకి ఆకులు తగిలించుకుని పింజ బయటికి వస్తే అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. చెంగలి కూడా నవ్వింది. తర్వాత పొద చాటుకి వెళ్ళి ఏడ్చింది.

రెండోసారి పట్టుదలగా కట్టింది. ముడి మీద ముడి, దాని మీద ఇంకో ముడి వేసి, నాలుగు చేతులతో వేలాడి మరీ బిగించింది. గాలివాన వచ్చినా గుడారం కదల్లేదు. పెద్దమ్మ తాడు లాగి చూసింది.

"భేష్! ఇప్పుడు విప్పు," అంది.

చెంగలి లాగింది. గోళ్ళతో గీకింది. పళ్ళతో కొరికింది. ఊహూఁ! జాజి వచ్చింది, మొల్ల వచ్చింది, ఎవరి వల్లా కాలేదు. చివరికి పింజ తాడు కొరికి తెంపాల్సి వచ్చింది. ఎండాకాలమంతా అడ్డతీగ నార తీసి, నానబెట్టి, దండంతా కూర్చుని పేనిన తాడది. పొడుగు తాడంటే వాళ్ళకి అదొక్కటే ఉంది. దాంట్లో మూరెడు ముక్క ముడితో సహా పనికిరాకుండా పోయింది.

"గట్టిగా కట్టడం కూడా తప్పేనా పెద్దమ్మా?" అని చెంగలి ఉక్రోషంగా అడిగింది.

"తప్పని ఎవరన్నారే? సగమే అంటున్నాను," అంది పెద్దమ్మ. "కట్టడం సగం, విప్పడం సగం. ఇలా చూడు. కొసంతా లోపలికి దూర్చెయ్యకు. మడతపెట్టి, ఆ మడతని దూర్చు. కొస బయట ఉండనీ. బరువంతా ఇటు పడితే బిగుస్తుంది. కొస పట్టి అటు లాగావా, విడిపోతుంది."

ఇంక చూడండి, చెంగలికి అదే లోకం అయిపోయింది. తీగలకి ముళ్ళు వేసింది. తన తోకకి వేసింది. నిద్రపోతున్న జాజి తోకకి కూడా వేసి చివాట్లు తింది. వేసేది, లాగేది, విప్పేది. మళ్ళీ వేసేది.

కొండ ఎక్కడం రేపు తెల్లారే. ఆఖరి పరీక్ష ఇవాళే. పొద్దున్నే చెంగలి గుడారం కట్టింది. ముడి ముద్దుగా, బిగుతుగా కుదిరింది. కొస బయటికి బుల్లి నాలికలా వేలాడుతోంది.

"నేను కొండదారి చూసొస్తాను," అంది పెద్దమ్మ. "పొద్దు నడినెత్తికి వచ్చేసరికి వచ్చి లాగి చూస్తాను. ఈలోగా ముడి ముట్టుకున్నావంటే పరీక్ష పోయినట్టే. గుర్తుంచుకో."

చెంగలి ఆ ముడి ముందే కాపలా కూర్చుంది. ఈగని కూడా వాలనివ్వలేదు.

పింజ సొరబుర్రలు తీసుకుని నీళ్ళకి వెళ్ళింది. ఒక బుర్ర ఒడ్డున వదిలి, మిగతావి పట్టుకుని వాగు మధ్య బండ మీదికి గెంతుకుంటూ పోయి ముంచుతోంది. పైన ఎక్కడో కొండల్లో వాన పడినట్టుంది. ఉన్నట్టుండి వాగు ఎర్రగా, బుస్సుమంటూ పొంగుకొచ్చింది. గెంతి వచ్చిన రాళ్ళన్నీ మునిగిపోయాయి. బండ మీద పింజ ఒక్కతీ మిగిలింది.

"అమ్మో! నాకు ఈత రాదే! ఎవరైనా రండే!" అని కేక పెట్టింది.

"తాడు! తాడెక్కడే?" అని అరిచింది మొల్ల.

తాడెక్కడుందో చెంగలికి తెలుసు. కళ్ళ ముందే ఉంది. గుడారాన్ని పట్టుకుని ఉంది.

ఆకాశం వంక చూసింది. పొద్దు నడినెత్తికి వచ్చేస్తోంది. పెద్దమ్మ వస్తూనే ఉంటుంది. ఇంకాస్త ఆగితే బిళ్ళ, బిళ్ళతో పాటు గద్దకొండ. ఎంత ఆశ పెట్టుకుంది పాపం! వాగు వంక చూసింది. నీళ్ళు పింజ కాళ్ళని తడుపుతున్నాయి.

చెంగలి కొస పట్టి లాగింది. ఒక్క లాగుకే ముడి విడిపోయింది. గుడారం చతికిలబడింది.

తాడు తీసుకుని పరుగెత్తింది. ఒడ్డున ఉన్న మద్దిచెట్టుకి ఒక చివర కట్టి, రెండో చివర విసిరింది. తాడు బండకి మూరెడు దూరంలో పడింది. ఆ మూరెడు ఏమైందో చెంగలికి బాగా తెలుసు. ఆ రోజు తన మొండి ముడి మింగేసిన మూరెడే అది!

ఏడవడానికి టైము లేదు. కొస లాగింది. ముడి విడిపోయింది. నీళ్ళ అంచున ఒక పాత మొద్దు ఉంటే దానికి కట్టింది. మళ్ళీ విసిరింది. ఈసారి అందింది కానీ పింజ పట్టుకునేలోగా ఉరవడి లాక్కుపోయింది.

"జాజీ, ఆ ఖాళీ బుర్ర ఇలా పారెయ్!" అంది చెంగలి. సొరబుర్రని తాడు చివర కట్టి, బండకి ఎగువన విసిరింది. బుర్ర తేలుకుంటూ, ఊగుకుంటూ సరాసరి పింజ ఒళ్ళోకి వచ్చింది.

"నడుముకి కట్టుకోవే! నీకు బిళ్ళ ఉందిగా!" అని అరిచింది చెంగలి.

పింజ వణుకుతూనే పళ్ళతో ముడి వేసుకుంది. అంతలో బండ మునిగింది. పిల్ల నీళ్ళలో పడింది. తాడు ఫెళ్ళున బిగుసుకుంది. మొద్దు కదిలింది. ముడి కదల్లేదు. ముగ్గురూ కలిసి లాగారు. మొల్ల ముళ్ళు గుచ్చుకుంటున్నా ఎవరూ వదల్లేదు. లాగి లాగి, తడిసిన దూదుండలా ఉన్న పింజని ఒడ్డున పడేశారు.

అప్పుడే పెద్దమ్మ వచ్చింది. కూలిన గుడారం చూసింది.

"నేనే విప్పాను పెద్దమ్మా," అంది చెంగలి తల దించుకుని. "పరీక్ష పోయింది. తెలుసు."

పింజ దగ్గుతూ జరిగిందంతా చెప్పింది. చెబుతూ చెబుతూ చెంగలిని పట్టుకుని బావురుమంది.

పెద్దమ్మ మొద్దు దగ్గరికి వెళ్ళి, తాడు పట్టుకుని, తన బరువంతా వేసి వెనక్కి వాలింది. ఆవిడ బరువంటే మాటలా! మొద్దు కిర్రుమంది. ముడి చెక్కుచెదరలేదు.

"ఈ ముడి ఎవరు వేశారే?"

"నేనే."

"విప్పు."

చెంగలి కొస లాగింది. ముడి విడిపోయింది. వాలి ఉన్న పెద్దమ్మ ధబేలుమని వెల్లకిలా బురదలో పడింది!

ముందు పెద్దమ్మే నవ్వింది. బురదలో పొర్లి పొర్లి నవ్వింది. ఇంక అందరూ అందుకున్నారు.

"గుడారం ముడి పరీక్ష పోయింది, నిజమే," అంది పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "ఈ ముడి పరీక్ష ఇప్పుడే పెట్టాను. వాగు లాగింది, నేను లాగాను. నెగ్గావే చెంగలీ!"

బిళ్ళ ఇచ్చింది పెద్దమ్మే కానీ మెడలో కట్టింది మాత్రం పింజ. పళ్ళతో, జాగ్రత్తగా కట్టింది.

మర్నాడు దండంతా ఒకే తాడుకి నడుములు కట్టుకుని గద్దకొండ ఎక్కింది. అన్ని ముళ్ళూ చెంగలే వేసింది. ముందు నడిచింది కూడా చెంగలే. కొండ కొమ్మున జెండా కట్టి కిందికి చూస్తే, నిజంగానే అడవంతా కాళ్ళ కింద ఉంది.

"జెండా గట్టిగా కట్టావుటే?" అంది పింజ.

"గాలివానొచ్చినా ఊడదు. నువ్వు మళ్ళీ వాగులో పడితే మాత్రం ఒక్క లాగుకే వస్తుంది!"

"వాగొడ్డు దండుకీ..." అని అరిచింది పెద్దమ్మ.

"జై!" అన్నారు పిల్లలు. ఎదురుకొండ కూడా జై అంది.

నీతి: గట్టిగా పట్టుకోవడం సగం విద్యే, పక్కవాళ్ళ కోసం వదలాల్సి వచ్చినప్పుడు వదలగలిగితేనే అది పూర్తి విద్య.