ముందుగా దూకేవాడు

సుభద్రమ్మగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆవిడ వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ముందు అడిగిన మనిషి భోంచేశారో లేదో కనుక్కునేవారు. భోజనం అయ్యాక కూడా ప్రశ్న మిగిలి ఉంటే, అప్పుడు ఎక్కడో ఎవరికో జరిగిన సంగతి ఒకటి చెప్పేవారు. అదే జవాబని మాకు తర్వాతెప్పుడో తెలిసేది. కొన్నిసార్లు తెలిసేది కాదు.

అనకాపల్లిలో ఆవిడ దగ్గర సంగీతం నేర్చుకున్న మా అందరిలోకీ పేరు తెచ్చుకున్నది కౌముది. ఆమె పై స్థాయిలో నిలబడి పాడుతుంటే సభలో కదిలేవాళ్ళు ఉండేవారు కాదు. ముప్ఫయ్యారో ఏట గొంతులో ఏదో పెరిగిందని ఆపరేషన్ చేశారు. ప్రాణానికి భయం లేదన్నారు, నిజంగానే లేదు. మాట తిరిగొచ్చింది. పాట కూడా వచ్చింది కానీ, పై షడ్జం దగ్గరికి వెళ్ళగానే గొంతు చీలిపోయేది. ఒప్పుకున్న కచేరీలని సభలవాళ్ళు ఎంతో మర్యాదగా వాయిదా వేసి, మళ్ళీ పిలవలేదు. ఒక మధ్యాహ్నం, భోజనాలయ్యాక, నేను తంబురకి గుడ్డ గవిసెన తొడుగుతుండగా ఆమె అడిగింది.

“అమ్మగారూ, ఇంక ఇంతేనని డాక్టర్లు చెప్పేశారు. ఈ గొంతుతో పాడితే జనం పాత కౌముదిని తలుచుకుని జాలిపడతారు. అంతకంటే మానేయడమే గౌరవం కాదా?”

సుభద్రమ్మగారు చేతులు తుడుచుకుని గోడకి ఆనుకుని కూర్చున్నారు. “నేను ఫిన్లాండ్ వెళ్ళినప్పుడు ఎవరింట్లో ఉన్నానో నీకెప్పుడైనా చెప్పానా?” అన్నారు. లేదంది కౌముది. అప్పుడు ఆవిడ చెప్పిన సంగతి ఇది.

ఆ దేశంలో ఒక సంగీతోత్సవానికి ఆవిడని పిలిచారు. కచేరీలు అయ్యాక కొన్నాళ్ళు ఒక చిన్న ఊళ్ళో, గడ్డకట్టిన సరస్సు పక్కన, హిల్క్కా అనే ఆమె ఇంట్లో ఉన్నారు. హిల్క్కా కంతెలే నేర్పుతుంది. అది ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో మీటే తీగల వాద్యం. ఆమె భర్త పేరు తైస్తో. ఊరి చివర కొండ మీద, ఆకాశంలోకి నిలబెట్టిన జారుడుబల్లలాంటి కట్టడం ఒకటి ఉంది. తైస్తో జీవితమంతా దాని మీదే గడిచింది.

కాళ్ళకి పొడవాటి స్కీలు కట్టుకుని, మంచు గట్టిపడిన ఆ జారు మీద నుంచి రైలు వేగంతో దిగుతారు. అంచు దగ్గర ఒక్క ఉదుటున లేచి గాలిలోకి పడతారు. అక్కణ్ణుంచి కింద వాలు మీద కాళ్ళు ఆనేదాకా మనిషికీ భూమికీ సంబంధం లేదు. ఎంత దూరం వెళ్ళారో కొలుస్తారు, ఎంత అందంగా వెళ్ళారో చూసి మార్కులు వేస్తారు. తైస్తో ఇరవై ఏళ్ళు నిండకముందే దేశం జట్టులోకి వచ్చాడు. దూరంలో అతన్ని దాటినవాళ్ళు ఉన్నారు కానీ అందంలో దాటినవాళ్ళు లేరనేవారు. రెండు స్కీలూ అంటించినట్టు పక్కపక్కనే ఉంచి, వాటి మీదికి ఒళ్ళు వాల్చి, చిటికెనవేలు కూడా కదలకుండా వెళ్ళేవాడట. ఆస్ట్రియాలో గెలిచాడు, నార్వేలో గెలిచాడు. ఊరికి తిరిగొస్తే స్టేషన్లో బ్యాండు వాయించేవారు.

హిల్క్కా మాత్రం అతను దూకడం ఏనాడూ చూడలేదు. పెళ్ళయిన కొత్తలో, ఆమె వెళ్ళిన మొదటి పోటీలోనే, భర్త వంతు రాకముందే వేరే ఆటగాణ్ణి గాలి తిప్పేసి మంచు మీద పడేసింది. అతని నడుం విరిగింది. అది ఆమె కళ్ళారా చూసింది. ఆ తర్వాత నుంచి భర్త వంతు వచ్చేసరికి కొండకి వీపు పెట్టి, కళ్ళు మూసుకుని నిలబడేది. జనం గట్టిగా అరిస్తే బాగా దిగాడని, సన్నగా అరిస్తే తక్కువ దూరం పడ్డాడని తెలుసుకునేది. “ఆయన గెలుపులన్నీ నేను విన్నాను. చూడలేదు” అంది సుభద్రమ్మగారితో.

కొన్నేళ్ళకి ఆ ఆటే మారిపోయింది. స్కీలని ముందువైపు కత్తెరలా విడదీసి ఎగిరే కుర్రాళ్ళు వచ్చారు. వికారంగా ఉందని మొదట్లో మార్కులు తగ్గించారు. కానీ గాలి వాళ్ళని పట్టుకుని మోసేది. మార్కులు పోయినా వాళ్ళే గెలిచారు. తైస్తోకి అప్పటికి ముప్ఫై దగ్గరపడుతోంది. కొత్త పద్ధతి పట్టుబడాలని ఒక వేసవంతా పాటుపడ్డాడు. నేల మీద బాగానే వచ్చేది. గాల్లోకి వెళ్ళగానే కాళ్ళు వాటంతటవే దగ్గరికొచ్చేసేవి. ఒకసారి పడి భుజం విరగ్గొట్టుకున్నాడు. ఆ ఏడు జట్టులో అతని పేరు లేదు. ఎవరూ ఒక్క మాట అనలేదు. అననందుకే ఎక్కువ బాధ కలిగిందన్నాడు.

కలప మిల్లులో పనికి కుదిరాడు. గెలిచిన కప్పులన్నీ మూటగట్టి అటక మీద పడేశాడు. తాగడం మొదలుపెట్టాడు. హిల్క్కా పిల్లలకి పాఠం చెబుతుంటే, ఎవరైనా బాగా వాయిస్తే చాలు, లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. “ఒకే ఇంట్లో ఉంటూ చుట్టాల్లా మర్యాదగా మాట్లాడుకున్నాం” అంది హిల్క్కా.

ఇలా ఉండగా ఒక చలికాలం ఆ ఊళ్ళో కుర్రాళ్ళకి పోటీ పెట్టారు. పోటీ మొదలయ్యే ముందు ఒకరిద్దరు ఊరికే దూకాలి. దాంతో జారులో కొత్త మంచు అణుగుతుంది, గాలి ఎలా ఉందో తెలుస్తుంది. వాళ్ళ దూరం కొలవరు. మార్కులు వేయరు. మైకులో పేరైనా చదవరు. ఆ ఏడు అందుకు మనుషులు దొరకలేదు. తైస్తోకి ఒకప్పుడు ఆట నేర్పిన ఎన్సియో అనే పెద్దాయన ఇంటికొచ్చి, గుమ్మంలోనే నిలబడి అడిగాడు.

“ముందు ఎవరో ఒకరు దూకాలి. వస్తావా?”

“కొలవరు కదా?”

“కొలవరు.”

“నన్ను చూసి నవ్వుతారు.”

“చూస్తే కదరా నవ్వడానికి! అందరూ కాఫీల దగ్గర ఉంటారు.”

తైస్తోకి నవ్వొచ్చింది. ఆ ఇంట్లో నవ్వు వినబడి ఎన్నాళ్ళయిందో హిల్క్కాకి గుర్తు లేదు.

ఆదివారం ఉదయం ఆమె అలవాటు ప్రకారం కొండకి వీపు పెట్టి కళ్ళు మూసుకుంది. పైన స్కీల గరగర మొదలైంది, దగ్గరికొచ్చింది, ఉన్నట్టుండి ఆగిపోయింది. అంటే మనిషి గాల్లో ఉన్నాడు. ఆమె జనం అరుపు కోసం చెవులు రిక్కించింది. అరుపు లేదు. ఎవరో కాఫీలో పాలు తక్కువయ్యాయంటున్నారు. ఎవరో మఫ్లరు ఎక్కడో పారేసుకుని వెతుక్కుంటున్నారు. అతను దిగాడో, పడ్డాడో చెప్పేవాళ్ళు లేరు. గిర్రున వెనక్కి తిరిగి కళ్ళు తెరిచింది.

అతనింకా గాల్లోనే ఉన్నాడు. పాత పద్ధతిలోనే, స్కీలు రెండూ దగ్గరగా, చేతులు తొడలకి ఆనించి, ఒళ్ళంతా ముందుకి వాల్చి వస్తున్నాడు. ఎక్కడా తొందర లేదు. మార్కులు వేసేవాళ్ళు ఇంకా కాగితాలు సర్దుకుంటున్నారు. కిందికి వచ్చేసరికి రెండు చేతులూ పక్కలకి చాపి, ఒక కాలు ముందుకి జరిపి, మోకాళ్ళు కొంచెం వంచి మంచు మీద ఆనాడు. చప్పుడైనా కాలేదట.

స్కీలు విప్పుకుంటున్న మనిషి దగ్గరికి హిల్క్కా మంచులో కూరుకుపోతూ, లేస్తూ వెళ్ళింది. ఆమె ఏడుస్తోంది. అతను కంగారుపడ్డాడు.

“ఏమైంది? మరీ తక్కువ పడ్డానా?”

“ఎక్కువో తక్కువో నాకేం తెలుసు! నువ్వు ఇలా ఎగురుతావని నాకెవరూ చెప్పలేదు.”

“పేపర్లలో రాశారుగా.”

“చదివితే తెలిసేదా ఇది!”

 తైస్తో స్కీలు భుజాన వేసుకుని, “గాలి మారిందట. మళ్ళీ దూకమంటున్నారు. చూస్తావా?” అన్నాడు.

“చూస్తాను.”

ఆ తర్వాత ఆ కొండ మీద ఏ పోటీ జరిగినా ముందుగా దూకేవాడు అతనే అయ్యాడు. తాగుడు ఒక్కరోజులో పోలేదని, కొంచెం కొంచెంగా తగ్గిందని హిల్క్కా దాచకుండా చెప్పింది.

“ఓ పొద్దున్న వంటింట్లో కాఫీ తాగుతూ అతన్ని అడిగాను, ఆ అరుపులు గుర్తు రావా అని” అన్నారు సుభద్రమ్మగారు. “‘రాకేం? దూకిన ప్రతిసారీ చెవులు వాటికోసం ఎదురుచూస్తాయి. లేవని తెలిసీ చూస్తాయి’ అన్నాడు. రొట్టె కోస్తున్న హిల్క్కాని చూపించి, ‘అప్పట్లో దిగగానే బోర్డు మీద అంకె వెతుక్కునేవాణ్ణి. ఇప్పుడు ఈవిడ మొహం చూస్తున్నాను’ అన్నాడు.”

కౌముది తల ఎత్తింది. కళ్ళు తడిగా ఉన్నాయి, గొంతులో కొంచెం కోపం కూడా ఉంది.

“అతనికి ఆమె ఉంది అమ్మగారూ. నాకెవరున్నారు?”

సుభద్రమ్మగారు ఆమె తల మీద చేయి వేసి, జుట్టు వెనక్కి సర్దారు.

“ఇన్నాళ్ళూ అన్ని చప్పట్ల మధ్య నీకెలా తెలుస్తుందే, నీకోసం ఎవరున్నారో!”