కుంచిత కొన్న ఏటిపడవ

అనగనగా ఒక కొండ. ఆ కొండకు చక్కని పేరొకటి ఉండేది గానీ, పలకబోతే నోరు తిరిగేది కాదు. అందుకని జంతువులన్నీ దాన్ని కొండ అనే పిలిచేవి. మనమూ అలాగే పిలుద్దాం.

ఆ కొండ మీద ఒక గుహ. గుహలో ఒక టీవీ, టీవీ కింద ఒక వీడియో గేమ్ పెట్టె, దానికి రెండు రిమోట్లు. గుహలోకి కరెంటు ఎలా వచ్చిందని మాత్రం అడగకండి. జంతువులు మాట్లాడతాయంటే నమ్మినవాళ్లు కరెంటు దగ్గర పేచీ పెట్టకూడదు.

వానకారు వచ్చిందంటే కొండ చుట్టూ వాగులు పొంగేవి. పిల్లలు బయట కాలు పెట్టే వీలుండేది కాదు. నెలల తరబడి ఆ గుహే వాళ్లకు లోకం. అందుకని వానలకు ముందే పిల్లలందరూ దాచుకున్న చిల్లర తెచ్చి ఒక సొరబుర్రలో వేసేవారు. తమలో ఒకరిని ఎన్నుకుని, ఆ బుర్ర చేతికిచ్చి, కింది ఊరి సంతకు పంపేవారు. వెళ్లినవాళ్లు ఆ డబ్బుతో ఒక్క ఆట కొనుక్కురావాలి. అంతకు మించి బుర్రలో ఎన్నడూ ఉండేది కాదు. తెచ్చింది బాగుంటే సంబరం, బాగులేకుంటే వానకారంతా ఏడుపు.

నిరుడు ముళ్లపంది కంటకుడు వెళ్లాడు. డబ్బా మీది బొమ్మ చూసి మురిసిపోయి ఒక ఆట కొనుక్కొచ్చాడు. తీరా చూస్తే ఆ డిస్కు వేరే రకం పెట్టెలో ఆడేది! వీళ్ల పెట్టె దాన్ని మింగింది, గుర్రుమంది, బయటికి ఉమ్మేసింది. మళ్లీ పెడితే మళ్లీ ఉమ్మేసింది. పిల్లలందరూ కొయ్యబారిపోయారు. ఆ వానకారు గోడలు చూస్తూ గడిపారు. అప్పటినుంచి కంటకుడితో అందరూ మాట్లాడటం మానేశారు. పాపం, గుహ మూలన ఒంటరిగా కూర్చునేవాడు.

ఈ ఏడు కుంచితను ఎన్నుకున్నారు. కుంచిత అలుగు పిల్ల. ఒంటినిండా పొలుసులు, పొడుగాటి నాలుక, మెత్తని మనసు. ఏది చూసి ఉలిక్కిపడినా సరే, చటుక్కున ముడుచుకుని గుండ్రని ఉండ అయిపోయేది. ఉలికిపాటు తగ్గాక మెల్లగా విప్పుకునేది. పిల్లలు నవ్వేవారు, ఏం చేస్తుంది, అది పుట్టుకతో వచ్చిన గుణం.

కోతి పిల్లాడు చపలుడు ఆమెకు సొరబుర్ర అందిస్తూ గట్టిగా చెప్పాడు.

"చూడు కుంచితా, నీ సొంత ఆలోచనలేం పెట్టుకోకు. మాకు అగ్నిగోపురం ఆటే కావాలి. ఊరంతా దాని పోస్టర్లే. అది తప్ప ఇంకేదైనా తెచ్చావో, ఊరుకునేది లేదు!"

"అగ్నిగోపురం! అగ్నిగోపురం!" అని పిల్లలంతా గంతులు వేశారు.

అందరికన్నా చిన్నవాడు చుంచెలుక పిల్లాడు పిసరు. వాడు తన ఒక్క నాణెం బుర్రలో వేసి, కుంచిత తోక పట్టుకున్నాడు. "అక్కా, కొత్త ఆటకు మొదటి వంతు చిన్నవాడిదే కదా. నిరుడు ఆటే ఆడలేదు, నా వంతూ రాలేదు. ఈసారి వస్తుందా?" అని అడిగాడు.

"వస్తుందిలే నాన్నా," అంది కుంచిత.

గుహ దాటి నాలుగడుగులు వేసిందో లేదో, వెనకనుంచి కంటకుడు పరుగున వచ్చాడు. "కుంచితా, వాళ్లు అడిగిందే తెచ్చెయ్. నా తెలివి ఉపయోగించి నేను ఆ మూలన పడ్డాను. నువ్వూ వచ్చి పడకు," అన్నాడు. కుంచిత సొరబుర్రను పొట్టకు అదుముకుని కొండ దిగింది.

సంతలో మొట్టమొదటి కొట్టు నెమలి సెట్టిది. ఆ కొట్టు తళుకులూ దీపాలూ చూస్తే కళ్లు చెదురుతాయి. అగ్నిగోపురం బొమ్మ తాటిచెట్టంత ఎత్తున వేలాడుతోంది. మంటల్లో గోపురం, గోపురం మీద కత్తి పట్టిన వీరుడు.

"రా తల్లీ రా! అగ్నిగోపురమేనా? నీ మొహం చూస్తేనే తెలిసిపోయింది," అన్నాడు సెట్టి పింఛం విప్పుతూ.

"అవునండీ. ఎంత?"

సెట్టి ధర చెప్పాడు. అది సొరబుర్రలో ఉన్నదంతా! అడుగున చిల్లిగవ్వ కూడా మిగలదు. కుంచిత ఠక్కున ముడుచుకుపోయి, ఉండలా దొర్లి, గల్లాపెట్టెకు తగిలి ఆగింది.

"అయ్యో, ధర వినగానే ఇలా అయిపోయేవాళ్లను ఇప్పుడే చూస్తున్నా," అన్నాడు సెట్టి తెల్లబోయి. "ఆలస్యం చేయకమ్మా. సాయంత్రానికి ఒక్కటి కూడా మిగలదు."

కుంచిత విప్పుకుంది. బుర్ర మూతి మీద చెయ్యి వేసింది. అంతలో ఏమనిపించిందో, "ఎంతమంది ఆడొచ్చండీ?" అని అడిగింది.

"వీరుడు ఒక్కడే కదమ్మా, ఒక్కరే ఆడాలి. మిగతావాళ్లు చూసి ఆనందిస్తారు."

చపలుడి చేతికి రిమోట్ వెళ్తే మళ్లీ వదలడని కుంచితకు తెలుసు. కానీ వాళ్లు అడిగింది అదే. "సంతంతా ఒకసారి చూసి వస్తానండీ," అని ఎలాగో బయటపడింది.

రెండో కొట్టు నక్క బాబాయిది. కొట్టు ముందు పెద్ద పలక: 'ఆట ఉచితం'. కుంచిత చదివింది, నమ్మలేక మళ్లీ చదివింది, ముడుచుకుని ఉండ అయిపోయింది. సంతలో పోయేవాళ్లు ఆ ఉండను దాటుకుంటూ పోయారు.

"లే పాపా, లే. నిజంగానే ఉచితం," అన్నాడు నక్క. గొంతు తేనెలూరుతోంది. "డబ్బులెందుకు మన మధ్య? కూర్చుని ఆడి చూడు."

కుంచిత కూర్చుంది. ఆటలో ఒక గుర్రం, పచ్చని దారి, భలే ఉంది. కాసేపు పరుగెత్తాక ఒక తలుపు అడ్డం వచ్చింది. తలుపు తెరవాలంటే ఒక నాణెం వేయమంది ఆట. సరే ఒకటే కదా అనుకుని, సొంతంగా ఒడిలో దాచుకున్న నాణేల్లో ఒకటి వేసింది. తలుపు తెరుచుకుంది. అవతల గుర్రం ఆకలికి కూలబడింది. గడ్డికి ఇంకో నాణెం. గడ్డి తిన్న గుర్రం లేవాలంటే మరో నాణెం!

"బాబాయ్, ఉచితమన్నావు కదా!" అంది కుంచిత నోరెళ్లబెట్టి.

"ఆట ఉచితమేనమ్మా. గడ్డి ఉచితమని నేనెప్పుడన్నాను?" అన్నాడు నక్క, అంతకన్నా ఆశ్చర్యపోతున్నట్టు మొహం పెట్టి.

కుంచితకు ఒళ్లు మండింది. గుర్రాన్ని అక్కడే పడుకోబెట్టి లేచిపోయింది. కొండమీది పిల్లలు ఆ గుర్రానికి వానకారంతా గడ్డి మేపాలంటే ఇళ్లు అమ్ముకోవాల్సిందే.

మూడో కొట్టు సంత చివర, తాబేలు నిదానయ్యది. కొన్న ఆటలు వద్దనుకున్నవాళ్లు తెచ్చి ఆయనకు అమ్మేవారు. వాటిని ఆయన తక్కువ ధరకు వేరేవాళ్లకు అమ్మేవాడు. కుంచిత గుమ్మంలో అడుగు పెట్టింది. ఎదురుగా ఎర్రటి గోడ. ఎంత చక్కగా రంగు వేశారో అనుకుంటూ దగ్గరకు వెళ్లింది. అది గోడ కాదు. కిందినుంచి పైకప్పు దాకా పేర్చిన అగ్నిగోపురం డబ్బాలు!

కుంచితకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఈసారి ఎంత గట్టిగా ముడుచుకుందంటే, నిదానయ్య నీళ్లు చల్లితే గానీ విప్పుకోలేదు.

"తాతా, ఇవన్నీ ఎక్కడివి?"

"కొన్నవాళ్లే తెచ్చి అమ్మారు మనవరాలా. సంతరోజున కొంటారు, మరుసటి సంతకల్లా నా దగ్గరికి తెస్తారు. గోపురం ఎక్కేస్తే ఇంకేముంది? అయిపోయింది. నీకూ కావాలా? సగం ధరకే ఇస్తాను."

సగం ధరకే! కుంచితకు ఒక్కసారి ప్రాణం లేచొచ్చింది. అడిగింది తీసుకెళ్లొచ్చు, డబ్బూ మిగులుతుంది, చపలుడూ గంతులు వేస్తాడు. చెయ్యి చాచింది. చాచిన చెయ్యి అలాగే ఆగిపోయింది. ఒక్క వారానికే విసుగొచ్చి ఇంతమంది వదిలించుకున్న ఆటతో, అన్ని నెలల వాన ఎలా గడుస్తుంది? చపలుడు గోపురం ఎక్కేస్తాడు. పిసరు ఏం చేస్తాడు? మిగతావాళ్లు ఏం చేస్తారు? తనకు చెడ్డపేరు రాకూడదని పిల్లలందరి వానకారునూ పాడుచేయడం తప్పు కాదూ?

కుంచిత చెయ్యి వెనక్కి తీసుకుంది. "తాతా, ఒకటి అడుగుతాను. జనం కొనుక్కుని, మళ్లీ నీ దగ్గరికి తెచ్చి అమ్మని ఆట ఏదైనా ఉందా?"

నిదానయ్య తల చటుక్కున డిప్పలోకి వెళ్లిపోయింది. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చేసరికి కళ్లు ఇంతింతయ్యాయి.

"ఇన్నేళ్లుగా కొట్టు నడుపుతున్నాను. ఏ ఆట చవకని అడిగారు, ఏది కొత్తదని అడిగారు. ఈ మాట ఒక్కరూ అడగలేదు! ఉందమ్మా, ఉంది. ఏటిపడవ అని ఒక ఆట. నలుగురు కలిసి పడవ నడుపుతూ ఏరు దాటాలి. ఆ ఆట వీధి వీధికీ ఉంది. నా దగ్గరికి ఒక్కటీ రాలేదు."

"అయితే అదే ఇవ్వు తాతా!"

"ఎక్కడినుంచి ఇవ్వనమ్మా? ఎవరూ తెచ్చి అమ్మలేదంటున్నాను కదా!" అన్నాడు నిదానయ్య.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. కుంచిత మళ్లీ నెమలి సెట్టి కొట్టుకు పరుగెత్తింది. ఏటిపడవ అనగానే సెట్టి పింఛం సగానికి ముడుచుకుంది.

"ఏటిపడవా? అదెవరికి కావాలి? ఎక్కడో..." అంటూ అటూ ఇటూ చూశాడు. కుంచిత కూడా చూసింది. సెట్టి గల్లాబల్ల కాలొకటి పొట్టిది. ఆ కాలి కింద ఎత్తుకు పెట్టిన డబ్బా మీద ఒక చిన్న పడవ బొమ్మ ఉంది!

డబ్బా లాగారు. బల్ల ఒరిగింది. పైనున్న అగ్నిగోపురాలు దబదబా కిందపడ్డాయి. సెట్టి చెప్పిన ధర విని కుంచిత మళ్లీ అవాక్కయింది. బుర్రలో మూడోవంతు కూడా కాదు.

"ముందే ఎందుకు చూపించలేదండీ?"

"దాని మీద నాకు మిగిలేదెంతని చూపించమంటావు తల్లీ?" అన్నాడు సెట్టి, డబ్బాలు ఏరుకుంటూ.

డిస్కు తమ పెట్టెలో ఆడేదేనా అని కుంచిత డబ్బా వెనక గుర్తు చూసుకుంది. కొట్టులోని పెట్టెలో పెట్టించి నడుస్తోందా లేదా అని చూసింది. మిగిలిన డబ్బుతో నిదానయ్య దగ్గర పాత రిమోట్లు రెండు కొంది. అవీ నొక్కి చూసే కొంది. అప్పుడు కొండెక్కింది.

గుహలో పిల్లలందరూ ఎదురుచూస్తున్నారు. డబ్బా బయటికి తీయగానే అందరూ దాని మీదికి వంగి చూశారు. మంటలు లేవు, కత్తి లేదు, వీరుడు లేడు. ఒక పడవ, నాలుగు తెడ్లు.

"ఇదేమిటి?" అన్నాడు చపలుడు. "అగ్నిగోపురం ఏది? డబ్బు చాల్లేదా?"

కుంచితకు ముడుచుకుపోవాలనిపించింది. వీపు వంగుతోంది, తోక లోపలికి వస్తోంది. పళ్లు బిగించి నిటారుగా నిలబడింది.

"డబ్బు చాలింది. సగం ధరకు కూడా దొరికేది. నేనే కావాలని తేలేదు. అది ఒక్కరే ఆడతారు, వారంలో అయిపోతుంది. ముందు దీన్ని ఆడి చూడండి. నచ్చకపోతే కంటకుడి పక్కన మూలన నేనూ కూర్చుంటాను."

మొదటి వంతు చిన్నవాడిది కాబట్టి, పిసరు తనకన్నా పెద్దదైన రిమోట్ ఎక్కి కూర్చున్నాడు. చపలుడు మూతి ముడుచుకునే ఒకటి తీసుకున్నాడు. కుందేలు పిల్ల ఒకటి తీసుకుంది. నాలుగోది కుంచిత మూలకు తీసుకెళ్లి కంటకుడి చేతిలో పెట్టింది. కంటకుడు దాన్నీ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. వాడి ముళ్లన్నీ వణికాయి.

ఆట మొదలైంది. నలుగురూ నాలుగు వైపులకు తెడ్డు వేశారు. పడవ గిర్రున తిరిగి, రాయికి కొట్టుకుని, బుడుంగున మునిగింది.

"కంటకా, ఎడమకు వెయ్యరా! ఎడమకు!" అని అరిచాడు చపలుడు.

గుహంతా ఉలిక్కిపడింది. కంటకుణ్ణి పేరుపెట్టి పిలిచి ఏడాదయింది మరి. "వేస్తున్నానురా, నువ్వు ఆగితే కదా!" అని కంటకుడూ అరిచాడు. పడవ మళ్లీ మునిగింది. పిసరు నవ్వు ఆపుకోలేక రిమోట్ మీదనుంచి జారిపడ్డాడు. వాడి తెడ్డుకోసం నలుగురు ఎగబడ్డారు. బయట ఉరుములు, మెరుపులు, జోరువాన. లోపల ఒకటే కేకలు.

అలా ఆడుతూ ఆడుతూ ఉండగా ఒకరోజు కుంచిత తల్లి గుహ గుమ్మంలోకి వచ్చింది. "పిల్లలూ, ఇక ఇళ్లకు రండర్రా!" అని పిలిచింది.

పడవ ఒడ్డుకు చేరబోతోంది. చపలుడు తల తిప్పకుండానే చెప్పాడు. "వాన తగ్గాక వస్తాం అత్తా!"

తల్లి నిర్ఘాంతపోయింది. "వాన తగ్గాకా? ఒరేయ్, వాగులన్నీ ఎండిపోయాయిరా!"

పిల్లలందరూ ఒక్కసారిగా వెనక్కి తిరిగారు. గుమ్మం నిండా ఎండ. వానకారు ఎప్పుడు వెళ్లిపోయిందో వాళ్లలో ఒక్కరికీ తెలియదు.

నీతి: దేన్నయినా కొనేముందు, అమ్మేవాడు దాన్ని ఎంత పొగిడాడో కాదు, కొన్నవాళ్లు దాన్ని ఎన్నాళ్లు వదలకుండా ఉంచుకున్నారో చూడాలి.