గట్టిమెడ గవరయ్య తల ఊపిన రోజు

ఒకప్పుడు తొండ మెడ పైకీ కిందికీ కదిలేదే కాదు. పాతిన గుంజలా నిటారుగా ఉండేది. ఎముక బిగుసుకుపోయి కాదు, గర్వం బిగుసుకుపోయి!

గోదావరికి ఎగువన ఎర్రమట్టి దిబ్బల దేశం ఒకటి ఉండేది. ఎటు చూసినా వాన కోసిన గండ్లు, గండ్ల మధ్య మొనదేలిన దిబ్బలు, దిబ్బల ఒంటినిండా ఎరుపూ పసుపూ తెలుపూ చారలు. ఆ మట్టిలో అక్కడక్కడ రాళ్లైపోయిన పెద్ద పెద్ద ఎముకలు తొంగిచూసేవి. అవి ఎవరివో ఎవరికీ తెలీదు. గవరయ్య అనే తొండకి మాత్రం తెలుసు. అంటే, తెలుసని గవరయ్య అనేవాడు.

ఆ దిబ్బలు చూడవచ్చిన వాళ్లని పొద్దున్నే లోపలికి తీసుకెళ్లి, అన్నీ చూపించి, సాయంత్రానికి బయటికి తీసుకురావడం గవరయ్య పని. ఎవరేం అడిగినా "తెలీదు" అనకూడదని ఆయన పట్టుదల. తెలిసింది గట్టిగా చెప్పేవాడు. తెలియనిది ఇంకా గట్టిగా చెప్పేవాడు.

ఒకరోజు పూరేడు పిట్ట తన పిల్లల్ని వెంటేసుకుని వచ్చింది. తోడుగా ఒక కుందేలు కూడా వచ్చింది. పిల్లలకింకా రెక్కలు సరిగ్గా రాలేదు. ఒంటిమీద నూగు, కాళ్లల్లో పరుగు, నోట్లో ప్రశ్నలు, అంతే.

"అన్నయ్యా, వాన రాదు కదా? నా పిల్లలు ఎగరలేరు" అంది పూరేడు.

"రానే రాదు చెల్లెమ్మా" అన్నాడు గవరయ్య. తలెత్తి ఆకాశం వైపు చూడనైనా లేదు. తలెత్తి చూడటం, తల దించి చూడటం, ఇవన్నీ ఏమీ తెలియనివాళ్లు చేసే పనులని ఆయన ఉద్దేశం.

అందరూ బయల్దేరారు.

"ఇదిగో చూడండి, ఇది రాకాసమ్మ పప్పు రుబ్బిన పొత్రం" అన్నాడు గవరయ్య ఒక తొడ ఎముక చూపించి.

"అబ్బో!" అంది కుందేలు. అది దేనికైనా అబ్బో అనే రకం.

"ఈ చారలున్నాయే, ఇక్కడే రాకాసమ్మ చీరలు ఆరేసింది. రంగు దిగింది."

"అబ్బబ్బో!"

అందరికన్నా చిన్నపిల్ల, బుడిగి అంటారు దాన్ని, మట్టిలో ఒక గుండ్రటి రాయిని ముక్కుతో పొడిచింది. "మామా, మరి ఇదేంటి?"

"అదా? రాకాసయ్య తినగా మిగిలిన సున్నుండ."

"ఎందుకు మిగిల్చాడు?"

"కడుపు నిండింది."

"రాకాసులకి కడుపు నిండుతుందా మామా?"

"నిండుతుంది. నడు, నడు" అని గవరయ్య గబగబా ముందుకు సాగాడు.

అలా చెబుతూ చెబుతూ చాలా లోపలికి వెళ్లిపోయారు. మధ్యాహ్నం పూరేడు మూట విప్పి అందరికీ జొన్నగింజలు పెట్టింది. తింటుండగా బుడిగి నెత్తిన టప్పున ఒక చినుకు పడింది.

"ఎవరది, కింద?" అని పైనుంచి ఒక లావుపాటి గొంతు వినిపించింది. నల్లమబ్బు! "గండిలో కూర్చుని తింటున్నారేమర్రా? లేచి పొండి. నేనింక ఆపుకోలేను."

"నువ్వెప్పుడొచ్చావ్?" అన్నాడు గవరయ్య కోపంగా.

"పొద్దుటినుంచీ నీ నెత్తిమీదే ఉన్నానయ్యా! ఒక్కసారి తలెత్తితే కనబడేదాన్ని కాదూ?"

ఆ మాటంటూనే మబ్బు కురిసేసింది. చినుకులు కావవి, బిందెలు బిందెలుగా బోర్లించినట్టే. ఎర్రటి నీళ్లు దిబ్బల మీంచి జారి గండిలోకి వచ్చిపడుతున్నాయి.

"ఇటు రండి! ఇదే దారి!" అని పరుగెత్తాడు గవరయ్య. అది నిరుటి దారి. నిరుడు కురిసిన వాన అక్కడ దారి మూసేసి వెళ్లింది. మలుపు తిరిగేసరికి ఎదురుగా నిలువెత్తు మట్టిగోడ. వెనక నీళ్లు. పిల్లలకి అప్పుడే మోకాళ్లు మునిగాయి.

"బావా, దారేది?" అంది కుందేలు. ఈసారి అబ్బో అనలేదు.

"అన్నయ్యా, నా పిల్లలు!" అంది పూరేడు. గవరయ్య అలవాటు కొద్దీ "ఇదే దారి" అనబోయాడు. బుడిగి చలికి వణుకుతూ ఆయన తోక పట్టుకుని అడిగింది.

"మామా, నిజంగా నీకు తెలుసా?"

గవరయ్యకి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"తెలీదమ్మా" అన్నాడు.

"హమ్మయ్య!" అంది గోడ.

అందరూ ఉలిక్కిపడ్డారు. వానకి గోడమట్టి పెళ్లలు పెళ్లలుగా జారిపోయింది. అడుగున ఒక పెద్ద పుర్రె, దాని వెనక దిబ్బ కొసదాకా మెట్లు మెట్లుగా వెన్నెముక బయటపడ్డాయి.

"భయపడకండర్రా. నేను రాక్షసిబల్లిని. ఈ మట్టిలో మీకు కనబడే ఎముకలన్నీ నావీ, నా వాళ్లవీ" అంది పుర్రె. "మా మందకి పెద్దని నేనే. ఒకనాడు మా పిల్లలు 'ఇక్కడ బురద లోతుగా ఉందా తాతా?' అని అడిగారు. నేను తల దించి చూడకుండానే 'లేదు, రండి' అన్నాను. వచ్చారు. ఆ రోజు నేను 'తెలీదు, చూస్తానుండండి' అని ఉంటే ఎంత బాగుండేది!"

నీళ్లు ఇంకా పెరిగేసరికి పుర్రె గవరయ్యతో అంది.

"నా వెన్నుపూసలు పట్టుకుని ఎక్కండి. కానీ ఇందులో ఏది గట్టిదో ఏది వదులైందో నాకూ తెలీదు. అడుగడుక్కీ పైకి చూసుకో, కిందికి చూసుకో."

గవరయ్య మెడ ఎత్తబోయాడు. కిర్రుమంది. ప్రాణం పోయినంత నొప్పి. అయినా ఎత్తాడు. పైకి చూశాడు, పూస గట్టిగానే ఉంది. కిందికి చూశాడు, పిల్లలంతా వెనకే ఉన్నారు. ఎక్కాడు. మళ్లీ పైకి చూశాడు. అక్కడ పూస ఊగుతోంది, దాన్ని వదిలి పక్కదాని మీద కాలేశాడు. మళ్లీ కిందికి చూశాడు.

బుడిగి లేదు!

జారి, నీళ్ల అంచున ఒక పక్కటెముకని ముక్కుతో కరుచుకుని వేలాడుతోంది. చూశాడు కాబట్టి సరిపోయింది. గిరుక్కున వెనక్కి దిగి తోక కిందికి వేశాడు గవరయ్య. బుడిగి దాన్ని పట్టుకుని, తోక మీదుగా వీపెక్కి కూర్చుంది.

అందరూ దిబ్బ మీదికి చేరేసరికి మబ్బు కూడా ఖాళీ అయిపోయింది. పూరేడు పిల్లలందరినీ రెక్కల కిందకి లాక్కుని ఏడ్చేసింది. గవరయ్య కూడా ఏడ్చాడు. అవి వాన నీళ్లేనని అందరికీ చెప్పాడు కానీ ఎవరూ నమ్మలేదు.

కింద పుర్రె కళ్లదాకా నీళ్లు వచ్చాయి. "తాతా, నువ్వూ వచ్చెయ్!" అని అరిచింది బుడిగి.

"నేను రాయినమ్మా, తడిస్తే నాకేం కాదు" అంది పుర్రె నవ్వుతూ. "ఒరేయ్ గవరయ్యా! ఒక్క మాట. అది సున్నుండ కాదురా. మా ఇంటి గుడ్డు. ఇకమీదట వచ్చినవాళ్లకి అలాగే చెప్పు." మట్టి జారి పుర్రెని మళ్లీ కప్పేసింది.

అప్పటినుంచే తొండ తల పైకీ కిందికీ ఆడిస్తూ ఉంటుంది. కంచె మీద కూర్చుని అది తల ఊపుతుంటే, మనల్ని వెక్కిరిస్తోందనుకుని రాయి తీసేవాళ్లున్నారు. వెక్కిరించే తీరిక దానికెక్కడిది? పైన మబ్బు ఉందా, కింద పిల్లలందరూ ఉన్నారా అని ఇవాళ్టికీ చూసుకుంటోంది, పాపం.