ఒళ్ళు విదల్చని మేకపోతు

పూర్వం ద్వాపరయుగాన, రత్నకుంభమనే నగరాన్ని శత్రుభయంకరుడూ దానశీలుడూ అయిన చిత్రధన్వ మహారాజు పాలించేవాడు. సద్గుణాలు ఎన్ని ఉన్నా, ఎదుటివారి మాట చెవిన పెట్టే అలవాటు మాత్రం ఆ మహానుభావుడికి లేదు. రాజ్యంలో అనావృష్టి కలిగి, నదులు ఇంకి, ప్రజలు హాహాకారాలు చేయగా, దేవికి బలి ఇవ్వ సంకల్పించి, భటులను వాకిట నిలిపి, తపోనిధి అయిన ఔర్ణవ మహర్షి ఆశ్రమం ప్రవేశించి, అక్కడి మేకపిల్లను కోరాడు.

“రాజా, అది పాలు మరవని పసికూన. తల్లి తల్లడిల్లుతుంది, వదిలెయ్యి” అన్నాడు మహర్షి.

“నోరులేని దానికి తల్లేమిటి, బిడ్డేమిటి స్వామీ!” అని రాజు నవ్వాడు.

“అయితే నీకూ ఆ నోరు లేకుండా పోవుగాక!” అంటూ ముని కమండలంలోని నీరు చల్లగానే, కిరీటం ఉన్నచోట కొమ్ములు మొలిచి, గడ్డం ఒక్కటే యథాతథంగా మిగిలి, మహారాజు నల్లని మేకపోతు అయిపోయాడు.

బెదిరి వాకిట్లోకి పరుగెత్తిన ఆ పోతును చూచి, ముని ప్రసాదించిన బలిపశువు ఇదే కాబోలని భటులు మురిసి, రాజు ఆశ్రమంలోనే దీక్షకు ఆగిపోయాడని తలచి, మెడకు తాడు వేసి గుడికి లాక్కుపోయారు.

బలిపీఠం ఎదుట రాజుకు బదులు మహాపతివ్రత అయిన రాణి మలయవతీదేవి కూర్చుంది. పశువు మీద పసుపునీళ్ళు చల్లినప్పుడు అది ఒళ్ళు విదిలిస్తే దేవి సమ్మతించినట్టని ఆ దేశాచారం. వెంటనే కత్తి దిగుతుంది. ఆ సంగతి బాగా తెలిసిన రాజు కాళ్ళు నేలకు తన్నిపట్టి, పళ్ళు బిగించి నిలిచాడు. పురోహితుడు చెంబెడు పోశాడు. కదలలేదు. కుండెడు కుమ్మరించాడు. చలి వెన్నులోకి దిగుతున్నా కదలలేదు. ఎత్తిన కత్తి ఎత్తినట్టే ఉంది.

“ఇంకో కుండ తెండి!” అన్నాడు పురోహితుడు విసుగ్గా.

“ఆగండి!” అని మలయవతి దిగ్గున లేచింది. “చన్నీళ్ళు తగిలితే ఎడమకన్ను మూసి, మూతి అలా ముడుచుకునేది లోకంలో ఒక్క మా వారే!” అంటూ పోతు మెడ కౌగిలించుకొని భోరున ఏడ్చింది.

అందరూ ఆశ్చర్యపోయి కట్టు విప్పారు. కాని ముహూర్తం మించిపోతున్నదని పురోహితుడు తొందరపెట్టగా, భటులు పరుగున పోయి ఆశ్రమంలోని పసికూననే పట్టి తెచ్చారు. వెనకాలే తల్లిమేక అరుస్తూ వచ్చింది. ఆ అరుపు రాజుకిప్పుడు మాటలుగా వినిపించింది.

“నా బిడ్డ ఇంకా పాలు తాగలేదయ్యా!”

రాజు రాణి చేతులు విడిపించుకొని, పిల్లకు అడ్డంగా నిలిచి, కత్తి కిందికి తల వంచి, తనంతట తానే ఒళ్ళు విదిల్చాడు.

కత్తి దిగబోయి గాలిలోనే ఆగింది. జగన్మాత ప్రత్యక్షమై, రాజుకు నిజరూపం ప్రసాదించి, “నాయనా, వరం కోరుకో” అన్నది.

“తల్లీ, ఆ విదిలింపు నీ సమ్మతి అనుకున్నాం. అది చలి తల్లీ, భయం! ఇకమీదట ఏ మూగజీవినీ అడగకు.”

“నేనెప్పుడడిగాను? మీరే తెచ్చారు. గుమ్మడికాయ కొట్టండి, చాలు” అని దేవి అంతర్ధానమైంది.

ఆ క్షణమే కుంభవృష్టి కురిసింది. మంటపంలో తల్లిమేక బిడ్డకు పాలిస్తూ అడ్డంగా పడుకుంటే, దానిని లేపడానికి మనసొప్పక చిత్రధన్వ మహారాజు వానలోనే నిలబడ్డాడు. ఈ కథ విన్నవారి వాకిట మూగజీవులకు గుక్కెడు నీళ్ళు ఎప్పుడూ దొరుకుగాక!