దాదుల లెక్క

విరజాపురం దివానుకు, రాజ్యంలో రోగుల్ని చూసుకునే దాదులెందరో తేల్చాలనిపించింది. "దాదులంతా కోటకు రావాలి. రానివాళ్ళ కొలువు ఊడుతుంది!" అని దండోరా వేయించాడు.

అందరూ పరుగున వచ్చారు. మురిసిపోతూ లెక్కపెడుతున్న దివాను, వరసలో తన ఇంటి దాది గురివమ్మను చూసి కొయ్యబారిపోయాడు.

"నువ్వొచ్చేశావేంటే! జ్వరంతో ఉన్న మా పాప దగ్గర ఎవరున్నారు?"

"ఇంట్లో ఎవరూ లేరయ్యా. రాకపోతే కొలువు ఊడుతుందన్నారుగా!"

దివాను తలపాగా జారిపడినా చూసుకోకుండా గుమ్మం వైపు పరుగెత్తాడు.

"ఆగండయ్యా! పాపను డోలీలో వెంటబెట్టుకొచ్చాను. అదిగో, చావడి నీడలో మా చెల్లెలి ఒళ్ళో నిద్రపోతోంది. వీళ్ళంతా మాత్రం రోగుల్ని ఒంటరిగా వదిలేసి వచ్చారు."

దివాను ఆ పొడవాటి వరసకేసి చూశాడు.

"వెళ్ళండమ్మా, త్వరగా వెళ్ళండి! లెక్కకు మేమే మంచాల దగ్గరికొస్తాం."