సేనాపతి తాత చంపిన రాక్షసుడు

సముద్రం ఒడ్డున ఒక చిన్న రాజ్యం ఉండేది. తన దేశంలోని జీవుల గురించి జనానికి తెలియాలని అక్కడి రాజు ఒక ప్రదర్శనశాల కట్టించాడు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన తిమింగలం ఎముకలను జాలరి నూకాలు ఏరితెచ్చి, ఒక్కొక్కటీ అందులో అమర్చింది. చూడవచ్చినవాళ్లకు వాటి కథ చెప్పే పని కూడా ఆమెదే.

శాల తెరిచే ముందురోజు సేనాపతి రుద్రభూపతి వచ్చాడు. "ఇది మా తాత చంపిన రాక్షసుడని చెప్పు. లేకపోతే నీకిక్కడ పనిలేదు" అన్నాడు.

నూకాలు మనసు చివుక్కుమంది. అయినా "అలాగే బాబూ" అంది.

మర్నాడు రాజు ముందు ఆ కథే చెప్పింది. చివర్లో చేతులు జోడించి, "మారాజా, ఇలాంటి రాక్షసులు ఇప్పుడు కూడా మా పడవల పక్కన తిరుగుతున్నారు. చంపే విద్య సేనాపతిగారి వంశానిదే కదా. రేపు కత్తి పట్టుకుని రమ్మనండి, నా పడవలో నేనే తీసుకెళతాను" అంది.

"తప్పకుండా వెళ్లాలి" అన్నాడు రాజు.

సేనాపతి ముఖం పాలిపోయింది. "ప్రభూ, అవి రాక్షసులు కాదు, తిమింగలాలు. వాటంతట అవి ఎవరి జోలికీ రావు."

"మరి ఈ ఎముకలు?"

"ఇదీ తిమింగలమే ప్రభూ."

రాజు నవ్వు ఆపుకుని, "నూకాలూ, ఇప్పుడు అసలు కథ చెప్పు" అన్నాడు.

"ఇది చేప కాదు మారాజా. మనలాగే గాలి పీలుస్తుంది, బిడ్డకు పాలిస్తుంది" అంటూ మొదలుపెట్టింది నూకాలు. జనం నేలమీద కూర్చుని విన్నారు. రాజు కూడా వాళ్ల మధ్యే కూర్చున్నాడు.

కాసేపటికి వెనకనుంచి ఒక గొంతు, "పుట్టినప్పుడు బిడ్డ ఎంత ఉంటుంది?" అని మెల్లగా అడిగింది.

అడిగింది సేనాపతి.